పారేసే ముందు టైరును చదవండి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం ద్విచక్ర వాహనదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నాకో సాయం చేయాలి. ఈ బల్ల మీద నాలుగు పాత టైర్లు పెట్టాను. సుద్దతో ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు రాశాను. ఒక్కొక్కటీ తీసుకుని, చేత్తో బాగా తడిమి, వెనక వరసకి అందించండి. చేతులకి నలుపు అంటుతుంది. బయట కుళాయి ఉంది, తర్వాత కడుక్కోవచ్చు. కళ్ళతో చూస్తే అన్నీ అరిగిన టైర్లే అనిపిస్తాయి. తడిమితే నాలుగూ నాలుగు రకాలని తెలుస్తుంది.

గాజువాకలో 26 ఏళ్ళుగా నేను బండ్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎక్కువసార్లు విన్న మాట ఇది: "టైరు అయిపోయింది, కొత్తది వేసేయండి." కొత్త టైరు వేయడం అరగంట పని. కానీ పాత టైరు ఎక్కడ అరిగింది, ఎలా అరిగింది, ఎందుకు అరిగింది అని చూడకుండా దాన్ని బయట పడేస్తే, బండిలో ఉన్న లోపం బండిలోనే ఉండిపోతుంది. కొత్త టైరు కూడా అదే దారిలో పోతుంది. డబ్బు పోయిందంటే సంపాదించుకోవచ్చు. మలుపులో పట్టు పోతే మాత్రం మనిషికే దెబ్బ. ఈ మాట ఎందుకంటున్నానో మూడో నంబరు టైరు దగ్గర చెబుతాను.

మొదటి టైరు చూడండి. స్కూటర్ వెనక టైరు. నడిమధ్యలో సన్నని పట్టీలా నున్నగా అయిపోయింది, రెండు పక్కలా గాట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఇది ఎక్కువ గాలి చేసిన పని. పంక్చర్ షాపు ముందు బండి ఆపి "నలభై కొట్టేయ్ అన్నా, నెల రోజులు చూసుకోనక్కర్లేదు" అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఒక చిన్న లెక్క చెబుతాను. గాలి ఒత్తిడిని పీఎస్ఐల్లో కొలుస్తాం. 28 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు. వెనక చక్రం మీద 120 కిలోల బరువు పడుతుంటే, ఆ బరువును మోయడానికి టైరు నేల మీద సుమారు 60 చదరపు సెంటీమీటర్లు ఆనాలి. మీ అరచేయి కంటే కాస్త తక్కువ. అదే టైరులో 40 కొట్టిస్తే ఆనే చోటు 43కి పడిపోతుంది. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ విషయం అర్థమైంది కదా. మిమ్మల్ని రోడ్డుకు పట్టి ఉంచే చోటులో పావు వంతుకు పైగా మీరే డబ్బిచ్చి తీయించేసుకున్నారు. మిగిలిన కాస్త చోటే మొత్తం బరువు మోస్తూ, ఇంజిన్ తోపుడు తట్టుకుంటూ నడుస్తుంది. మధ్య పట్టీ అరగకుండా ఎలా ఉంటుంది?

స్కూటర్లకు ఇంకో సంగతి ఉంది. 90/100-10 సైజు టైరు ఒక కిలోమీటరు వెళ్ళాలంటే సుమారు 730 సార్లు తిరగాలి. 80/100-18 సైజు ఉన్న మోటార్ సైకిల్ టైరుకు 515 చాలు. అంటే స్కూటర్ టైరులో ప్రతి ముక్కా అంతే దూరానికి ఎక్కువసార్లు నేలకు రాసుకుంటుంది. అందుకే "మా అన్న బైకు టైరు అన్నేళ్ళు వచ్చింది, నా స్కూటర్‌ది రాలేదు" అని బాధపడకండి. రెండింటికీ పోలిక లేదు.

గాలి తక్కువైతే ఏమవుతుంది? టైరు గోడలు నలుగుతాయి, లోపల వేడి పుడుతుంది, అంచులు ముందు అరుగుతాయి. ట్యూబు ఉన్న టైరైతే ఒక మంచి గుర్తు ఉంది. వాల్వు రిమ్ములోంచి నిటారుగా రావాలి. అది వంకరగా ఒక పక్కకి వాలి ఉందంటే, గాలి తక్కువై టైరూ ట్యూబూ రిమ్ము మీద జరుగుతున్నాయని అర్థం. ఇంకొన్నాళ్ళు అలాగే తిరిగితే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. అది మెల్లగా గాలి దిగే పంక్చర్ కాదు, ఒక్కసారిగా పోతుంది.

ఎంత పెట్టాలని నన్ను అడగకండి. మీ బండి చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరు వెళ్తే ఎంత, ఇద్దరు వెళ్తే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. చినిగిపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నాలుగైదు వందలు పెట్టి సొంత గేజ్ కొనుక్కోండి. షాపుల్లో మీటర్లు వందసార్లు కింద పడి ఉంటాయి, అవి చూపించే అంకెను నేను నమ్మను. నైట్రోజన్ సంగతి కూడా అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వారం వారం చూసుకునేవాడికి మామూలు గాలి చాలు.

(సభలో ఒకరు: అరకు వెళ్ళినప్పుడు పొద్దున్నే బండి మెత్తగా అనిపిస్తుందండీ. అది గాలి వల్లేనా?)

మంచి ప్రశ్న అడిగావు బాబూ. అవును, చాలావరకు గాలే. టైరు చల్లబడితే ప్రెజర్ తగ్గుతుంది, పది డిగ్రీలకు దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ. డిసెంబరులో మనం 29, 30 డిగ్రీలున్నప్పుడు ఇక్కడ గాలి కొట్టించుకుని బయల్దేరతాం. అక్కడ తెల్లారి పది డిగ్రీలుంటుంది. ఇరవై డిగ్రీల తేడాకి దగ్గర దగ్గర మూడు పీఎస్ఐ పోవాలి. కానీ అరకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజ్‌లో ఒకటిన్నర దాకా తిరిగి కలుస్తుంది. నికరంగా ఒకటిన్నర తగ్గినట్టు కనిపిస్తుంది. ముందే రెండు మూడు తక్కువ ఉన్న టైరుకి ఇది కూడా తోడైతే, అదుగో, నువ్వన్న మెత్తదనం వస్తుంది. ఘాట్ దిగేముందు అక్కడే ఒకసారి చూసుకో.

ఇప్పుడు రెండో టైరు. ముందు చక్రానిది. ఇది నాకు సిగ్గు తెప్పించిన టైరు. దీన్ని చుట్టూ తడిమితే ఎత్తుపల్లాలు తగులుతాయి. ఒక దిమ్మ ఎత్తు, పక్కది గుంట, మళ్ళీ ఎత్తు. చెంచాతో తవ్వినట్టు ఉంటుంది. జాలరిపేట నుంచి ఒకాయన వచ్చేవారు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి సరుకు ఎత్తుకుని, బైకు వెనక పెట్టెలు కట్టుకుని ఊళ్ళోకి తిరిగి అమ్మేవారు. "హ్యాండిల్ వణుకుతోంది గురువుగారూ, టైరు బాగోనట్టుంది, ఇంకోటి ఎయ్యండి" అన్నారు. వేశాను. అయిదు నెలలకి మళ్ళీ వచ్చారు, అదే వణుకు, అవే గుంటలు. మళ్ళీ టైరు వేశాను. మూడోసారి వచ్చినప్పుడు గానీ నాకు ఫోర్కు పైపుల మీద, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే షాక్ అబ్జార్బర్ పైపుల మీద, చెయ్యి పెట్టాలని తోచలేదు. చెయ్యి పెడితే గరుకుగా తగిలింది. సముద్రపు ఉప్పు గాలికి, పెట్టెల్లోంచి కారే ఉప్పునీటికి పైపుల మీది మెరుపు పొర పొక్కి, చిన్న చిన్న గుంటలు పడ్డాయి. గొయ్యి దాటిన ప్రతిసారీ ఆ గుంటలు లోపలి నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్‌ని గీరుతున్నాయి. సీల్ చిరిగి, ఫోర్కులో నూనె కారిపోయింది.

ఫోర్కులో స్ప్రింగు ఎగరేస్తుంది, నూనె ఆ ఎగురుడును ఆపుతుంది. నూనె లేకపోతే చక్రం నేల మీద పరిగెత్తదు, గంతులేస్తుంది. పడిన చోట గట్టిగా రాసుకుంటుంది, లేచిన చోట రాసుకోదు. ఆ లేవడం పడటమే ఈ టైరు మీద గుంటలుగా మిగిలింది. దీనికి తోడు హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ వదులుగా ఉంటే, బేరింగులు అరిగి ఉంటే, గుంటలు ఇంకా త్వరగా పడతాయి. ఆ కారే నూనె ముందు డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు. ఆ మనిషికి రోజంతా సంపాదన ఆ బండి మీదే. రెండు టైర్ల డబ్బు నేను అనవసరంగా ఖర్చు పెట్టించాను. పైపులకి పాలిష్ కొట్టించి, సీల్స్ మార్చి, కొత్త నూనె పోసి ఆ పనికి డబ్బు తీసుకోలేదు. అయినా ఆ టైరు దాచుకున్నాను, మళ్ళీ మరచిపోకూడదని.

మన ఊరికి ఈ జబ్బు ఎక్కువ. హైదరాబాద్‌లో పదేళ్ళు వచ్చే ఫోర్కు పైపులు ఆర్కే బీచ్ దగ్గర, పెదజాలరిపేట దగ్గర, యారాడలో నిలబెట్టిన బండికి అన్నాళ్ళు రావు. రిమ్ము అంచుల్లో కూడా ఉప్పు చేరి తుప్పు పడుతుంది. ట్యూబ్‌లెస్ టైరైతే ఆ తుప్పు దగ్గర నుంచి కొంచెం కొంచెంగా గాలి పోతుంది. పంక్చర్ ఎక్కడా దొరకదు, మనం టైరును తిడతాం. బీచ్ వైపు ఉండేవాళ్ళు వారానికోసారి మంచినీళ్ళతో ఫోర్కు పైపులు, రిమ్ములు కడిగి, పొడి గుడ్డతో తుడవండి. పైపు మీద సన్నని నూనె గీత కనిపించిన రోజే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

మూడో టైరు ఎవరి చేతిలో ఉంది? ఒకసారి పైకి ఎత్తండమ్మా. చూడండి, మోటార్ సైకిల్ టైరు గుండ్రంగా ఉండాలి. ఇది పీట చెక్కలా బల్లపరుపుగా ఉంది. ఒకటో నంబరులా సన్నని పట్టీ కాదు, సగానికి పైగా వెడల్పు చదునైపోయింది. ఇందులో గాలి తప్పు లేదు. ఏళ్ళ తరబడి తిన్నగా నడిచిన టైరు ఇలా అవుతుంది. ఇది మా మేనల్లుడి బండిది. వాడికి స్టీల్ ప్లాంట్ వైపు ఉద్యోగం. రోజూ నేషనల్ హైవే మీద తిన్నగా వెళ్ళి తిన్నగా రావడమే. 2013 డిసెంబరులో స్నేహితులతో అరకు వెళ్తానని బండి తెచ్చి చూపించాడు. గాట్ల లోతు చూశాను. గాట్ల లోపల అరుగుదల గుర్తు, టీడబ్ల్యూఐ అంటాం, టైరు అరిగి ఆ చిన్న దిమ్మ దాకా ఇంకా రాలేదు. "ఇంకో రెండు మూడు వేల కిలోమీటర్లు వస్తుందిరా, తిరిగొచ్చాక మార్చుదాం" అన్నాను.

గాట్ల లోతు ఒక్కటే చూశాను, టైరు ఆకారం చూడలేదు. గుండ్రటి టైరు మలుపులో ఒక పక్కకి మెల్లగా ఒరుగుతుంది. ఇలా చదునైన టైరు ఒరగడానికి ఒప్పుకోదు, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఇంకాస్త తోస్తే చదును అంచు దాటి ఒక్కసారిగా పడినట్టు ఒరుగుతుంది. అక్కడ నేలకు ఆనే చోటు కూడా తక్కువ. తెలియనివాడు భయపడి బ్రేకు వేస్తాడు. అనంతగిరి ఘాట్‌లో కాఫీ తోటల దగ్గర వాడికి సరిగ్గా ఇదే జరిగింది. మంచుకి రోడ్డు తడిగా ఉంది. కాలర్ బోన్ విరిగింది. ఎదురుగా బస్సు వచ్చి ఉంటే ఈరోజు మీ ముందు నిలబడి మాట్లాడగలిగేవాణ్ణి కాదు. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి హైవే మీద రోజూ తిరిగేవాళ్ళు ఘాట్ ఎక్కేముందు లోతుతో పాటు ఆకారం కూడా చూడండి. బండి వెనక కూర్చుని టైరును ఎదురుగా చూస్తే తెలిసిపోతుంది. చదునైతే, గాట్లు ఎంత ఉన్నా మార్చండి.

ఇక్కడున్న కుర్రాళ్ళకి ఒక మాట. టైరు అంచున వాడని పట్టీ మిగిలితే చిన్నతనంగా భావిస్తున్నారని విన్నాను. దాన్ని అరగదీయడానికి కైలాసగిరి మలుపుల్లో, సింహాచలం ఘాట్‌లో బండి వాల్చుతున్నారట. ఆ పట్టీ మిగలడం తప్పు కాదు నాన్నా. మలుపు అవతల ఇసుక ఉందో, ఆవు పడుకుందో కనపడని రోడ్డు మీద ఆ అంచు మిగిలి ఉండటమే మంచిది. అవసరం పడ్డప్పుడు వాడుకోవడానికే అది ఉంది. కొత్త టైరు వేసిన మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు ఇంకా జాగ్రత్త. పైన నున్నటి పొర అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు.

నాలుగో టైరు కుడి పక్క ఎక్కువ అరిగింది. దీని మీద నాకు చాలా గొడవలు అవుతుంటాయి. "చాసిస్ వంగింది, ఎలైన్‌మెంట్ పోయింది" అని టెన్షన్ పడుతూ వస్తారు. కొంచెం తేడా ఉంటే భయపడక్కర్లేదు. వాననీరు పోవడానికి రోడ్డును ఎడమ అంచు వైపు వాలుగా వేస్తారు, మీటరుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మనం ఎడమ పక్క నడుపుతాం. బండి నిటారుగా ఉంటుంది, కింద రోడ్డు కుడి వైపు కాస్త ఎత్తుగా ఉంటుంది. కాబట్టి టైరు నడిమధ్య కాకుండా కొద్దిగా కుడి పక్కే నేలకు ఆనుతుంది. ఇంకోటి, మద్దిలపాలెం జంక్షన్‌లో ఎడమకి తిరిగితే మూల పక్కనుంచి చటుక్కున తిరిగేస్తాం. కుడికి తిరిగితే జంక్షన్ మొత్తం దాటుకుంటూ పెద్ద మలుపు తీసుకుంటాం. కుడి మలుపుల్లో నడిచే దూరం ఎక్కువ. అందుకని మన దేశంలో కుడి పక్క కొంచెం ఎక్కువ అరగడం సహజం.

తేడా బాగా ఎక్కువైతే, లేదా ఎడమ పక్క అరిగితే అప్పుడు వెతకాలి. ముందు బరువు చూడండి. ఒకే పక్క బ్యాగు, గ్యాస్ సిలిండర్, పాల క్యాను రోజూ కడితే బండిని ఇంకో పక్కకి వాల్చి నడుపుతాం, మనకే తెలియకుండా. తర్వాత వెనక చక్రం. పంక్చర్ కోసం చక్రం విప్పి, మళ్ళీ బిగించేటప్పుడు హడావిడిలో చైన్ అడ్జస్టర్లు, అంటే చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే బోల్టులు, రెండు పక్కలా సమానంగా పెట్టరు. చక్రం ఓరగా కూర్చుంటుంది. ముందు చైనూ స్ప్రాకెట్లూ తింటుంది, తర్వాత టైరు. స్వింగ్ ఆర్మ్ మీది గీతలు చూసి సరిపెట్టుకోకండి, ఆ గీతలే కొన్ని బండ్లలో సరిగ్గా ఉండవు. తాపీ మేస్త్రీ వాడే నైలాన్ దారం తీసుకోండి. వెనక టైరు వెనక నుంచి రెండు పక్కలా నేలకు సమాంతరంగా ముందు చక్రం దాకా లాగి పట్టుకోండి. ఏ పక్క చూసినా దారం వెనక టైరు ముందు అంచుకూ, వెనక అంచుకూ రెండింటికీ తాకాలి. ముందు టైరు సన్నగా ఉంటుంది కాబట్టి దాని దగ్గర రెండు పక్కలా ఖాళీ వస్తుంది. ఆ రెండు ఖాళీలూ సమానంగా ఉంటే చక్రాలు ఒకే వరసలో ఉన్నట్టు. పదిహేను నిమిషాల పని, ఇద్దరు మనుషులు కావాలి.

వెనక షాక్ అబ్జార్బర్ల గురించి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. మామూలు బైకులకి స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది, చాలావాటికి అయిదు మెట్లు. కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోని బండ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. ఒక్కరే వెళ్ళేవాళ్ళు గట్టి మెట్టులో పెట్టుకుంటే వెనక చక్రం గంతులేస్తుంది, టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతుంది. భార్యాపిల్లలతో వెళ్ళేవాళ్ళు మెత్తటి మెట్టులో పెడితే వెనక కూర్చుండిపోతుంది, ముందు తేలిపోతుంది, హెడ్‌లైట్ చెట్ల మీదకి కొడుతుంది, మలుపులో బండి బయటికి పోతుంది. లెక్క కావాలంటే ఇలా చూడండి. బండి స్టాండు మీద చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత మీరు కూర్చుని ఇంకొకరితో కొలిపించండి. ఆ తేడా, చక్రం పైకీ కిందకీ ఆడగలిగే మొత్తం దూరంలో పావు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. రేసుల్లోనూ మొదలు పెట్టేది ఈ కొలతతోనే. ప్రాక్టీసు అయ్యాక మెకానిక్కులు టైరు పైపొర ఎలా చిరిగిందో వంగి చూసి సస్పెన్షన్ మార్చుతారు. గాలినైతే అక్కడ ఎంత పట్టించుకుంటారంటే, మోటోజీపీలో 2023 నుంచి ముందు టైరులో కనీస గాలి ఉండాలన్న నియమాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు.

వెనక బ్రేకు మీదే ఆధారపడేవాళ్ళ టైరు మీద ఒకచోట చదును మచ్చ పడుతుంది, చక్రం బిగిసి ఈడ్చుకుపోయిన గుర్తు. లావుగా కనిపించాలని కంపెనీ సైజు కంటే వెడల్పు టైరు సన్నని రిమ్ముకి ఎక్కించకండి. అంచులు లోపలికి లాగబడి నడుము ఉబ్బుతుంది, మళ్ళీ ఒకటో నంబరు కథే. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదై పగుళ్ళు తేలితే ఆ టైరు పనికిరాదు. కొత్తది కొనేటప్పుడూ ఆ అంకెలు చూసే డబ్బివ్వండి.

ఇక కిందకి వెళ్దాం, మీ బండ్లన్నీ నీడలోనే ఉన్నాయి. గాలి ఇప్పుడు కొలవద్దు. నడిపి వచ్చిన టైరు పూర్తిగా చల్లారడానికి మూడు గంటలు పడుతుంది, రేపు పొద్దున ఇంటి దగ్గర కొలుచుకోండి. ఇప్పుడు చేత్తో తడిమి చూద్దాం. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండు వేసి, అరచేతిని టైరు మీద ముందుకొకసారి, వెనక్కొకసారి నడపండి. ఒక వైపు నున్నగా జారి, ఇంకో వైపు రంపం పళ్ళలా తగిలితే నన్ను పిలవండి, ఇద్దరం కలిసి చూద్దాం. జాలరిపేట వైపు నుంచి, బీచ్ రోడ్డు నుంచి వచ్చినవాళ్ళు ముందు ఫోర్కు పైపుల మీద చెయ్యి పెట్టండి.